నలభై ఒకటో పచ్చజెండా

జూన్ 3, మంగళవారం

గంగాధరం లేచాడు. ఎనిమిది నెలలు పడుకుని, ఇవాళ మధ్యాహ్నం నా షాపు కౌంటరు మీద, ప్లాస్టిక్ కవర్లోంచి లేచి కూర్చున్నాడు.

యుగంధర్ గారు స్టేషన్ పార్సిల్ ఆఫీసు డ్యూటీ దిగి నేరుగా వచ్చారు. గడ్డం పెరిగింది, చొక్కాకు ఇస్త్రీ లేదు. "నలభై ఒకటోది. చూడు లతా" అని కవరు పెట్టి, నీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయారు. పెళ్లికార్డు ప్రూఫు చూసుకోవడానికి వచ్చిన మేనత్తలు ముగ్గురు ఎదురుగా కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందు ఆ కవరు విప్పాలనిపించలేదు.

రెజిమెంటల్ బజార్లో ఈ డీటీపీ షాపు పెట్టి పదహారేళ్లు. పెళ్లికార్డులు, కరపత్రాలు, బోనాల ఫ్లెక్సీలు నాకు తిండి పెట్టాయి. 'గార్డు గంగాధరం' పేరు తెచ్చాడు. యుగంధర్ గారు రాసిన నలభై దయ్యం నవలలు, ఒక్కొక్కటి వంద పేజీలు, అన్నీ ఈ వేళ్లతోనే కంపోజ్ చేశాను. చచ్చిపోయాక కూడా ప్లాట్‌ఫాం వదలని వాళ్లను ముసలి రైలు గార్డు గంగాధరం ఓపిగ్గా మాట్లాడించి, చివరి పేజీలో పచ్చజెండా ఊపి పంపించేస్తాడు. రెండే నియమాలు. దయ్యం అబద్ధం చెప్పదు. జెండా ఊపాక దయ్యం ఉండదు. ఈ రెండింటి మీదే ఇన్నాళ్లూ బండి నడిచింది. ఇరవై నుంచి ఇరవై ఆరు దాకా నవలలు నీరసంగా ఉంటాయి. ఆ మాట అప్పుడే ఆయన ముఖం మీదే చెప్పాను.

చెప్పడం నా పని. ప్రతి నవలకూ రెండు కాగితాలు ఉండేవి. బలాలు కామాక్షి వదిన రాసేది, నా షాపులో మిగిలిపోయిన గులాబీరంగు కార్డు కాగితం మీద. బలహీనతలు నేను రాసేదాన్ని, పాడైన ప్రూఫుల వెనక వైపు. ఆయన ముందు పెళ్లాం కాగితం చదివి, తర్వాత నాది చదివేవారు. "మిఠాయి తిన్నవ్ గదా, ఇగ లత సూది మందు పొడిపించుకో" అనేది వదిన.

అక్టోబరులో పోయింది. డెంగ్యూ. హాస్పిటల్‌కు నవ్వుకుంటూ వెళ్లిన మనిషి తిరిగి రాలేదు.

రేపు షాపు తెరవను. చదవాలి.

జూన్ 4, బుధవారం

చదివాను. పేరు 'ఐదు గంటల బండి'. పేరొక్కటే రైలుది. గంగాధరం ఈసారి స్టేషన్లో లేడు. సీతాఫల్‌మండిలో ఒక అద్దె పోర్షన్‌కి వస్తాడు. అందులో పెళ్లాం పోయిన గుమాస్తా ఉంటాడు. ఆ పెళ్లాం రోజూ తెల్లవారుజామున ఐదింటికి వంటింట్లోకి వచ్చి, స్టూలు మీద కూర్చుని మాట్లాడుతుంది. బీపీ మాత్ర వేసుకున్నవా, గ్యాసు బుక్ చేసినవా, ఎదురింటి కుక్క ఈనిందా. తొంభై పేజీలు ఇదే.

భయం లేదు. దయ్యం నవల చదువుతుంటే పాఠకుడికి గుండె జారాలి గానీ ఆకలి వేయకూడదు. ఈమె చింతచిగురు పప్పుకు పోపు ఎలా పెట్టాలో రెండు పేజీలు చెప్పింది. గంగాధరం ఉత్సవ విగ్రహంలా ఒక మూల కూర్చుని తల ఊపుతుంటాడు. ఇన్నేళ్ల సిరీస్‌లో దయ్యాలన్నీ పుస్తకాల భాష మాట్లాడాయి. ఈమె మాత్రం "ఏందయ్యా, గిట్ల సన్నబడ్డవ్" అంటుంది.

అది వదిన మాట. అక్షరం పొల్లు పోకుండా వదిన మాటే.

నలభై మూడో పేజీలో దయ్యం అంటుంది: "ఇయ్యాల చారు ఎవలు పెట్టిన్రు? చింతపండు ఎక్కువైంది." పోయిన గురువారం చారు తీసుకెళ్లింది నేను. స్టీలు క్యారియర్లో, వేడివేడిగా. దయ్యానికి రుచి తెలుస్తుందని వెనకటి నలభై నవలల్లో ఎక్కడా లేదు. ఇది లోపం, రాసుకున్నాను.

అరవై రెండో పేజీలో: "ఆ పిల్ల నీ కోసమే వస్తున్నదయ్యా. ఆ సంగతి ఆమెకు సుత తెల్వదు." ఏ పిల్ల? అలాంటి పాత్ర కథలో ఎక్కడా కనిపించదు. ఆ వాక్యం కథకు అక్కరలేదు, కొట్టేయాలి. అనవసరమేనని నిర్ధారించుకోవడానికి నాలుగైదు సార్లు చదివాను.

అన్నింటికన్నా పెద్దది చివరి పేజీ. గంగాధరం సంచిలోంచి పచ్చజెండా తీస్తాడు. దాన్ని చూస్తాడు. మళ్లీ మడతపెట్టి సంచిలో పెట్టేసుకుని, "ఈ బండి ఇక్కడనే ఆగుతది" అని మెట్లు దిగి వెళ్లిపోతాడు. ఆమె స్టూలు మీద అలాగే ఉండిపోతుంది. అయిపోయింది.

జెండా ఊపని గంగాధరం! నాకు ఒళ్లు మండిపోయింది.

జూన్ 5

చింతపండు ఎక్కువేమీ కాలేదు. అదే కొలతతో మళ్లీ పెట్టి చూశాను.

జూన్ 8, ఆదివారం

బలహీనతల కాగితం తీసుకుని సీతాఫల్‌మండిలో యుగంధర్ గారి ఇంటికి వెళ్లాను. దొండకాయ వేపుడు కూడా పట్టుకెళ్లాను, పుల్లగా ఉందనడానికి వీల్లేనిది.

ముందు గదిలో షోకేసు అలాగే ఉంది. అందులో వాళ్ల నాన్న పచ్చజెండా. ఆయన నిజంగానే గార్డు. ఆ జెండాలోంచే ఈ సిరీస్ అంతా పుట్టింది. ప్రతి నవలకూ ఆఖరి ప్రూఫు చూడటం అయ్యాక, నేను ఆ కట్ట పట్టుకుని మెట్లు దిగుతుంటే వదిన ఆ జెండా తీసి గుమ్మంలో నిలబడి ఊపేది. "బండి కదిలింది!" అని గట్టిగా అరిచేది. ఇంటి ఓనరు కూడా నవ్వేవాడు. అది ఆ ఇంట్లో ఆచారం. జెండాను తనే ఉతికి, ఇస్త్రీ చేసి, తన జాకెట్టు గుడ్డలో చుట్టి పెట్టేది. ఇప్పుడు దాని మీద దుమ్ము ఉంది.

ఆయన నా కాగితం వంటింట్లో నిలబడి చదివారు. స్టూలు మీద మడిచిన తువ్వాలు ఉంది. నన్ను దాని మీద కూర్చోమనలేదు, నేల మీద చాప వేశారు.

"భయం లేదని రాసినవ్."

"లేదు గద సార్. దయ్యం కథ అన్నంక జెర భయం ఉండాలె."

"నా ఇంట్ల నాకెందుకు భయమైతది?"

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"లతా, ఆ నలభై నేను అల్లిన. ఇది అల్లలే. పొద్దుగాల ఐదింటికి ఈడ కూసుంట. ఆమె చెప్తది, నేను రాస్త. గంతే. ఎవలన్న నమ్ముతరని చెప్తలేను. నువ్వు ఇంటి మనిషివని చెప్తున్న."

"మరి జెండా?"

"జెండా ఊపితె ఏమైతదో నీకు తెల్వదా? అన్ని నువ్వే గద టైపు చేసినవ్. ఊపితె పోతది. మల్ల రాదు."

"అది కథల సార్."

"నాకు ఆమె దొరికింది కథల్నే గదా."

తర్వాత దొండకాయ గిన్నె మూత తీసి చూసి పెట్టేశారు. "ఈసారి బలాలు సుత నువ్వే రాయి. గులాబీ కాయిదాలు నీ తాననే ఉంటయి. రాసేటామె లేదు గదా" అన్నారు. సరేనన్నాను.

చెప్పులు వేసుకుంటుంటే వెనకనుంచి అడిగారు. "అవుగని లతా, ఈ నడుమ సార్ అంటున్నవేంది? అన్నా అనేదానివి."

"షాపుల అందరి ముంగట అలవాటైంది సార్."

"ఇది షాపా?"

జూన్ 9, సోమవారం

నిన్న వచ్చేటప్పుడంతా ఆలోచించాను. ఒక మనిషి తెల్లవారుజామున లేచి స్టూలుతో మాట్లాడుతుంటే, పక్కవాళ్లు చూస్తూ ఊరుకోవడం మంచితనమా? జెండా ఊపితే ఆయనకే మంచిది. నాలుగు రోజులు బాధపడతారు, తర్వాత గడ్డం గీసుకుంటారు. నేను పుస్తకం కోసం, ఆయన కోసం చెబుతున్నాను.

నాకు అసూయ లేదు. పోయిన మనిషి మీద అసూయేమిటి? వదినంటే నాకు ప్రాణం. నా షాపు మొదలైనప్పుడు కొబ్బరికాయ కొట్టింది ఆమే. నాకు జ్వరం వస్తే జావ కాచి మెట్రో ఎక్కి మరీ తెచ్చింది. అంత మంచి మనిషిని ఒక వంటింటి స్టూలుకు కట్టేయడం నాకే ఇష్టం లేదు.

జూన్ 13, శుక్రవారం

గులాబీ కాగితం ముందు పెట్టుకున్నాను. పైన 'బలాలు' అని రాశాను. వదిన అక్షరాలు గుండ్రంగా ఉండేవి, నావి అలా రావు.

"అచ్చుతప్పులు తక్కువ" అని రాశాను. చింపేశాను. ఇంకో కాగితం తీశాను.

ఒకచోట ఆమె ఆవకాయ జాడీ మూత తీయడానికి ప్రయత్నిస్తుంది. చేతికి అందదు, వేళ్లు లోపలికి వెళ్లిపోతుంటాయి. రోజూ ప్రయత్నిస్తుంది. ఒకరోజు అతను లేచి మూత తీసి, ఒక ముక్క నోట్లో పెట్టుకుంటాడు. "ఎట్లున్నది?" అంటుంది. "నిరుడు లెక్కనే ఉన్నది" అంటాడు. నిరుటి జాడీ అదే, ఆమె పెట్టిందే. అక్కడ నాకు ఏడుపొచ్చింది. కంపోజ్ చేసేటప్పుడు కూడా వస్తుంది, తెలుసు.

కానీ ఏడవడం బలమెలా అవుతుంది? ఉల్లిపాయ కూడా ఏడిపిస్తుంది.

కాగితం ఖాళీగానే ఉంది.

జూన్ 17, మంగళవారం

బ్రహ్మచారి గారు వచ్చారు. మా వెనక సందులో ప్రెస్సు ఆయనదే. మొదటి నవల నుంచీ గంగాధరాన్ని వేసేది ఆయనే. లష్కర్ బోనాలకు గుడి దారిలో స్టాలు పెట్టాలట, అప్పటికి పుస్తకం చేతిలో ఉండాలట. ఎలా ఉందని అడిగారు. చివరి పేజీ సంగతి ఆయన అడిగితేనే చెప్పాను. అడిగేలా చెప్పాను.

"జెండా ఊపడా? అదేందమ్మా! జెండా ఊపని గంగాధరమంటే లగ్గం రాయని పెండ్లికార్డు. ఎవడు కొంటడు?"

"నేను సుత అదే రాసిచ్చిన. ఆయన ఇంటలేడు."

కొంచెంసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు. "పోనీ జెర టైమిద్దామా? పెండ్లాం పోయిన మనిషి. ఈ బోనాలకు కాకపోతె దసరాకు ఏస్కుందాం."

"దసరా దాకా ఆగితె పాఠకులు వేరే సిరీస్ పట్టుకుంటరు. మీ ఇష్టం" అన్నాను.

పాపం, ఆయనకు భయం పట్టుకుంది. అక్కడే నిలబడి ఫోన్ చేశారు. ఏం మాట్లాడారో నేను వినలేదు, కటింగ్ మిషన్ ఆన్ చేసుకున్నాను.

జూన్ 20, శుక్రవారం

గంగాధరం పాఠకుల వాట్సాప్ గ్రూపుకు అడ్మిన్ నేనే. ఇవాళ ఒక ప్రశ్న పెట్టాను. కథేమీ బయటపెట్టలేదు. 'గంగాధరం ఒకసారి పచ్చజెండా ఊపకుండా వెళ్లిపోతే మీరేమంటారు?' అంతే.

టీ తాగి వచ్చేసరికి ఫోన్ నిండిపోయింది. మోసం అన్నారు. రచయితకు చేవ తగ్గిందన్నారు. ఒకాయన "ఆ జెండా కోసమే కొంటున్నాం, లేకపోతే ఈ చెత్తంతా ఎవడు చదువుతాడు" అన్నాడు. యుగంధర్ గారు గ్రూపులో ఉన్నారు. ఎప్పుడూ మాట్లాడరు. నా ప్రశ్న చదివినవాళ్ల జాబితాలో ఆయన పేరు ఉంది.

సలోమి టీచర్ ఒక్కరే వేరుగా రాశారు. సీతాఫల్‌మండిలోనే ఉంటారు, మొదటినుంచీ పాఠకురాలు. 'మా దేవానందం గారు ప్రభువు సన్నిధికి వెళ్లి రెండేళ్లయింది. ఇప్పటికీ రెండు కప్పులు కాఫీ కలుపుతున్నాను. ఈ ఒక్కసారికి జెండా ఊపకపోతే ఏమవుతుందండీ?' అని.

కింద అప్పుడే ఇద్దరు దణ్ణం బొమ్మలు పెట్టారు. ఇంకొకరు 'నిజమే టీచర్' అని మొదలుపెట్టారు. ఆ మెసేజ్ తీసేశాను. సొంత విషయాలు గ్రూపులో పెట్టకూడదని నియమం ఉంది, అందరికీ తెలుసు.

ఆవిడ విడిగా మెసేజ్ చేశారు: 'నాదెందుకు తీసేశారమ్మా?' నియమం అని పంపాను.

జూన్ 23, సోమవారం

ఆయన వచ్చారు. మధ్యాహ్నం కరెంటు లేదు, షాపులో ఎవరూ లేరు. నా ఎదురుగా కస్టమర్ల కుర్చీలో కూర్చున్నారు. జేబులోంచి నా కాగితం తీశారు. మడతల దగ్గర చిరగడానికి వచ్చింది.

"చాన సార్లు చదివిన. ఏడన్న ఒక్క తప్పు దొరుకుతదేమోనని చూసిన. దొర్కలే. అన్ని కరెక్టే రాసినవ్."

"మీ మీద కోపంతోని రాయలే సార్."

"తెలుసు. రూలు నేనే పెట్టిన. నేనే తప్పితె ఎట్ల?" తల గోక్కున్నారు. "బ్రహ్మచారి పరేషాన్ ఐతున్నడు. గ్రూపుల సుత చూసిన, నోటికొచ్చినట్టు తిడుతున్నరు. తిట్టనీ. ఆల్లది నాకు ఫికరు లేదు. నీది చెప్పు. గులాబీది రాసినవా?"

"రాస్తున్న."

"ఆ ఆఖరి పేజీ గురించి అండ్ల ఏమన్న ఉన్నదా? మంచిగ ఒక్క మాట? కామాక్షి ఉంటే రాస్తుండె. ఆమె దిక్కు నువ్వు ఒక్క మాట రాయి, నేను జెండా ముట్ట. ఎవడేమన్న అననీ, గట్లనే అచ్చేపిస్త."

ఆయన నా ముఖంలోకి చూస్తున్నారు. పదహారేళ్లలో ఆయన నన్ను అంత బతిమాలుతూ చూడటం ఇదే మొదలు. ఆ చూపు నా కోసం కాదు. అది నాకు కనబడింది.

"ఆఖరి పేజీల బలమేం లేదు సార్" అన్నాను.

కరెంటు వచ్చింది, ఫ్యాను తిరిగింది, కాగితాలు ఎగిరాయి. వంగి నాకు ఏరిచ్చారు. "సరె. మారుస్త" అని వెళ్లిపోయారు.

జూన్ 24

నేను అబద్ధం రాయను. ఆ ఒక్క విషయంలో నేను కూడా గంగాధరం దయ్యాల లాంటిదాన్నే.

జూలై 1, మంగళవారం

సవరించిన పేజీలూ, కొత్త చివరి అధ్యాయమూ పంపించారు. చారు పోయింది. "ఆ పిల్ల" పోయింది. పోపు పేజీలు పోయాయి. ఆవకాయ జాడీ కూడా పోయింది. జాడీ తీసేయమని నేను రాయలేదు. ఎందుకు తీశారో.

కంపోజ్ చేశాను. గంగాధరం ఐదింటికి వంటింటి గుమ్మంలో జెండా పట్టుకుని నిలబడతాడు. ఆమె స్టూలు మీద నుంచి చూస్తుంది.

"నన్ను పంపుమని నీకెవలు చెప్పిన్రు?" అంటుంది.

"ఎవలు చెప్పలే. రూలు" అంటాడు.

దయ్యాలు అబద్ధం చెప్పవు. బతికున్నవాళ్లు చెప్పకూడదని నియమమేమీ లేదు. ఆమె ఆ మాట నమ్ముతుంది. లేచి, కొంగు సర్దుకుని, మొగుడి వైపు తిరిగి "అవునయ్యా, పొయ్యి మీద పాలు" అంటుంది. ఆ మాట పూర్తికాకముందే జెండా ఊగుతుంది. స్టూలు ఖాళీ.

'పాలు' తర్వాత మూడు చుక్కలు పెట్టాలా అని ఆలోచించాను. ఆయన ఏమీ పెట్టలేదు. నేనూ పెట్టలేదు.

ఇప్పుడు బిగువుగా ఉంది. సిరీస్‌లో మొదటి అయిదింటిలో నిలబడుతుంది. ఈ మాట నిజం.

జూలై 3, గురువారం

ఆఖరి ప్రూఫు ఆయనే చూసి సంతకం పెట్టారు. కట్ట పట్టుకుని మెట్ల దగ్గర కొంచెంసేపు నిలబడ్డాను. అలవాటు. తలుపు వేసుకున్న చప్పుడు వినిపించింది.

జూలై 6, ఆదివారం

పప్పుచారు తీసుకెళ్లాను. వంటింట్లో గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నారు. స్టూలు ఎదురుగా ఉంది.

"ఆ ఆఖరి చాప్టర్ రాసిన కాన్నుంచి వస్తలేదు" అన్నారు. "రోజు కూసుంటున్న. పాలు సుత పెడుతున్న పొయ్యి మీద. మాట అర్ధంల ఆపిన గదా, అది చెప్పనీకన్న వస్తదేమో అనుకున్న."

"పోనీ మంచిదే గద సార్. ఆమెకు శాంతి."

నా వైపు చూశారు. "మంచిదే" అన్నారు.

పాలు మాడిన వాసన వస్తోంది ఆ ఇల్లంతా. గిన్నె నేనే తోమి పెట్టి వచ్చాను.

జూలై 14, సోమవారం

నిన్న లష్కర్ బోనాలు. మా వీధంతా వేపాకు, పసుపు, డప్పులు. బ్రహ్మచారి గారి స్టాలులో పుస్తకాలు సాయంత్రానికే అయిపోయాయి. ఇవాళ మళ్లీ వేస్తున్నారు. గ్రూపులో పండగే. ఇన్నాళ్లకు అసలైన గంగాధరం వచ్చాడంటున్నారు. పాలు అన్న మాట దగ్గర ఏడ్చామని చాలామంది రాశారు. చూశారా, నియమం పాటిస్తే ఏడుపు కూడా పద్ధతిగా వస్తుంది.

సలోమి టీచర్ షాపుకు వచ్చారు. పుస్తకం చేతిలో ఉంది. "ఆవిడ్ని మాట పూర్తి చేయనివ్వలేదేమ్మా? ఆ పాలు దించమందో, పొంగాయందో. అంత తొందరేమొచ్చింది గంగాధరానికి?" అని అడిగారు.

"అది టెక్నిక్ టీచర్" అన్నాను.

"నాకు టెక్నిక్కులు తెలీవులే" అని పుస్తకం నా కౌంటరు మీదే వదిలేసి వెళ్లారు. మరిచిపోయారనుకుంటా. లోపల పేజీ గుర్తుగా పెట్టుకున్న దేవానందం గారి పాస్‌పోర్టు సైజు ఫొటో ఒకటి ఉంది. తీసి పక్కన పెట్టాను, వస్తే ఇస్తాను.

జూలై 18, శుక్రవారం

ఇవాళ గులాబీ కాగితం నిండిపోయింది! ఆగకుండా రాశాను. ముగింపు గొప్పది, సంభాషణలు సహజం, అనవసరం ఒక్కటీ లేదు. అడుగున కాస్త చోటు మిగిలితే ఆవకాయ జాడీ ఘట్టం అద్భుతమని కూడా రాశాను. తర్వాత అది పుస్తకంలో లేదని గుర్తొచ్చింది. కొట్టేయలేదు. ఉండనీ.

బేగంపేటలో కొత్త ఫ్లాస్కు ఒకటి కొన్నాను. ఐదింటికి ఆయన ఒక్కరే కూర్చుంటున్నారు. ఎవరో ఒకరు ఉండాలి కదా.

జూలై 20, ఆదివారం

తెల్లారకముందే ఆటో మాట్లాడుకుని వెళ్లాను. బోనాలకు కొన్న ఆకుపచ్చ చీర కట్టుకున్నాను. ఏదో ఒకటి కట్టుకోవాలి కదా.

ఆయనే తలుపు తీశారు. ఇంత పొద్దున ఎందుకొచ్చావని అడగలేదు. నేను నేరుగా వంటింట్లోకి వెళ్లాను. స్టూలు మీద తువ్వాలు ఉంది. తీసి గోడకు ఉన్న మేకుకు తగిలించి, కూర్చున్నాను. అందులో ఏముంది, స్టూలు ఉన్నది కూర్చోవడానికే.

గులాబీ కాగితం ఇచ్చాను. లైటు కింద నిలబడి చదివారు. మొదటినుంచి చివరిదాకా, అడుగున ఉన్న జాడీ దాకా చదివారు. అక్కడ ఆగారు.

"జాడీ మంచిగుండెనా?"

"మస్తుండె సార్. నాకు ఏడుపొచ్చింది."

"అప్పుడే రాస్తే అయిపోతుండె గదా" అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది, జవాబు చెప్పేదాన్ని.

ఫ్లాస్కులోంచి టీ పోశాను. తీసుకోలేదు. ఏదో ఒకటి మాట్లాడాలని, "బీపీ మాత్ర ఏసుకున్నరా? గ్యాసు బుక్ చేసిన్రా?" అన్నాను. ఎవరైనా అడిగే మాటలే. ఎవరైనా అడుగుతారు.

ఆయన ముఖం తెల్లబోయింది. నన్ను చూశారు, నేను కూర్చున్న స్టూలును చూశారు. ముందు గదిలోకి వెళ్లారు. షోకేసు అద్దం జరిగిన చప్పుడు. తర్వాత వీధి తలుపు బార్లా తెరిచిన చప్పుడు.

వెళ్లి చూస్తే గుమ్మం పక్కన నిలబడి ఉన్నారు. చేతిలో వాళ్ల నాన్న పచ్చజెండా. దాని చుట్టూ ఉన్న జాకెట్టు గుడ్డను భుజం మీద వేసుకున్నారు.

"ఇగ పో చెల్లె" అన్నారు. "మల్ల రాకు."

పదహారేళ్లలో లతా అన్నారు, అమ్మా అన్నారు. చెల్లె అని ఎప్పుడూ అనలేదు. అన్నా అని పిలిచింది నేనే, ఆయన ఇవాళ పలికారు.

జెండా ఊపారు. ఒకసారి కాదు, నేను మెట్లన్నీ దిగి గేటు దాటి ఆటో ఎక్కేదాకా ఊపుతూనే ఉన్నారు. పాలప్యాకెట్లు వేసే మనిషి సైకిలు ఆపి చూశాడు.

పాత ఆచారం ప్రకారం ఊపారేమో అనుకున్నాను. ప్రూఫు వెళ్లేటప్పుడు ఊపడం ఉంది కదా. కానీ నా చేతిలో ప్రూఫు లేదు. ఫ్లాస్కు ఉంది.

ఇంటికొచ్చి మొదటినుంచి అన్ని నవలలూ తిరగేశాను. ఒక్కచోట కూడా లేదు. గంగాధరం బతికున్న మనిషికి జెండా ఊపడు. నలభై ఒక్క నవలల్లో ఎక్కడా ఊపలేదు. ఇది పూర్తిగా నియమానికి విరుద్ధం.

రేపు వెళ్లి ఈ తప్పు ఆయనకు చెప్పాలి.